డైపర్ ఏ పద్దులోకి వస్తుంది?

అప్పుడే పుట్టిన బిడ్డకు రోజుకు 10 నుంచి 12 డైపర్లు పడతాయి. అంటే నెలకు 300 పైమాటే. అమెరికాలో ఒక్క బిడ్డకు ఈ ఖర్చు నెలకు 80 నుంచి 100 డాలర్ల దాకా ఉంటుంది. అక్కడ ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచీ గంటకు 7.25 డాలర్లే. ఆ వేతనంతో బతికే మనిషి 100 డాలర్ల డైపర్లు కొనాలంటే దాదాపు 14 గంటలు పనిచేయాలి.

ప్రభుత్వ సాయం లేదా అంటే, ఉంది. కానీ పేదల తిండి ఖర్చుకు ఇచ్చే ఫుడ్ స్టాంపులతో తిండి తప్ప మరేదీ కొనకూడదు. తల్లీబిడ్డల పోషకాహార పథకం ‘విక్’ కింద పాలపొడి డబ్బా వస్తుంది, డైపర్ రాదు. పైగా 2025 జులైలో వచ్చిన చట్టం, ఇంకా గ్రీన్‌కార్డు రాని శరణార్థులకు ఫుడ్ స్టాంపులే లేకుండా చేసింది. బియ్యానికీ కూరలకూ చేతి డబ్బే పెట్టాల్సి వస్తే కోత ఎక్కడ పడుతుందో చెప్పక్కర్లేదు. తడిసిన డైపర్‌ను మార్చకుండా ఇంకో రెండు గంటలు ఉంచేస్తారు. బిడ్డకు ఒరుపులు, తల్లికి దిగులు.

“మా అమ్మమ్మ పాత పంచెలు చింపి గుడ్డలు కట్టేది, మేం పెరగలేదా?” అని మనవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆమెకు పెరట్లో నుయ్యి, దండెం, సాయానికి ఇంకో ఆడమనిషీ ఉండేవి. అద్దె అపార్ట్‌మెంట్లో వాషింగ్ మెషీన్ లేనివాళ్లకు కాయిన్ లాండ్రీయే దిక్కు. మలం అంటిన గుడ్డల్ని చాలా లాండ్రీలు ఒప్పుకోవు. చాలా డే కేర్లయితే ఆ రోజుకు సరిపడా డిస్పోజబుల్ డైపర్లు తెస్తేనే బిడ్డను లోపలికి తీసుకుంటాయి. ఆ నాలుగు డైపర్లు లేని రోజున తల్లి డ్యూటీ మానుకోవాల్సిందే. పనిచేసి నిలదొక్కుకోమని వలస వచ్చినవాళ్లకు చెప్పే దేశంలో ఇది వింతే.

ఈ బాధ వలసవాళ్లకే పరిమితం కాదు. నేషనల్ డైపర్ బ్యాంక్ నెట్‌వర్క్ 2023 సర్వేలో చిన్నపిల్లలున్న కుటుంబాల్లో 47 శాతం డైపర్లు చాలడం లేదన్నాయి. టెన్నెసీ రాష్ట్రం 2024 ఆగస్టు నుంచి పేదల ఆరోగ్య బీమా మెడికెయిడ్ కింద రెండేళ్లలోపు పిల్లలకు నెలకు 100 డైపర్లు ఇస్తోంది. పసిబిడ్డ అవసరంలో అది మూడోవంతే. అయినా మెచ్చుకోవాల్సిన పనే.

మిగతాది, డైపర్లు పోగుచేసి ఉచితంగా పంచే డైపర్ బ్యాంకులు, శరణార్థి సంస్థల నెత్తిన పడుతోంది. అట్లాంటా దగ్గరి క్లార్క్‌స్టన్ శరణార్థుల ఊరు. అదే మహానగరం ఉత్తరాన ఆల్ఫారెట్టా, కమింగ్‌లలో మన తెలుగు ఇళ్లు వేలల్లో ఉన్నాయి. మీరూ సాయంగా డైపర్లు ఇవ్వదలిస్తే ఒక మాట: అందరూ న్యూబార్న్ సైజే కొనిస్తారు, నిజంగా కొరత 4, 5, 6 సైజులకు. మీ బిడ్డకు చిన్నవైపోయి సగంలో ఆగిన ప్యాకెట్టునూ చాలా బ్యాంకులు తీసుకుంటాయి. వాడిన కార్ సీటు, గడువు దాటిన పాలపొడి మాత్రం వద్దు. డబ్బే ఇస్తే మరీ మేలు, బ్యాంకులు టోకున చవగ్గా కొంటాయి.