మగగా మొదలై తల్లిగా మారే పండుగప్ప

మన తీరంలో నదులు సముద్రంలో కలిసే చోట్ల దొరికే పండుగప్పకు ఎప్పుడూ మంచి గిరాకీయే. కానీ దాని జీవితంలోని వింత చాలామందికి తెలియదు. పండుగప్పల్లో ఎక్కువ భాగం ముందు మగచేపలుగా ఈడుకొస్తాయి. కొన్నేళ్లు అలా గడిచి, ఒళ్లు బాగా పెరిగాక ఆడచేపలుగా మారతాయి. అందుకే చిన్నవాటిలో మగవి ఎక్కువ, బాగా పెద్దవాటిలో దాదాపు అన్నీ ఆడవే.

ఇలా ఎందుకు? తిన్న తిండి నుంచి వచ్చే శక్తిని ఏ జంతువైనా మూడు పనులకు పంచుకోవాలి: ప్రాణం నిలుపుకోవడం, పెరగడం, సంతానాన్ని కనడం. ఒకదానికి ఎక్కువ పెడితే మరొకదానికి తగ్గుతుంది. చిట్టెలుక పుట్టిన రెండు నెలలకే ఈడుకొచ్చి, సుమారు 20 రోజుల గర్భంతో ఒక్కో ఈతకు అరడజను పిల్లల్ని పెడుతుంది. ఏనుగు ఏళ్ల తరబడి పెరుగుదలకే ఎక్కువ శక్తి పెట్టి, ఆ తర్వాత 20 నెలలకు పైగా మోసి దాదాపు 100 కిలోల పిల్లను ఒక్కదాన్ని కంటుంది. క్షీరదాలు చాలావరకు ఈడుకొచ్చాక పెరగడం ఆపేస్తాయి. చేపలు చాలావరకు అలా కాదు. వేగం తగ్గినా బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ఏ పరిమాణంలో ఏ పని చేస్తే సంతానం ఎక్కువవుతుందన్నది వాటి విషయంలో జీవితాంతం ముఖ్యమే.

వీర్యం తయారు కావడానికి పెద్ద ఒళ్లు అక్కర్లేదు. గుడ్లకు పొట్టలో చోటు కావాలి, కొవ్వు నిల్వలు కావాలి. ఆకారం మారకుండా చేప పొడవు రెట్టింపైతే బరువు 8 రెట్లవుతుంది. కాబట్టి చిన్నప్పుడు మగగా, పెద్దయ్యాక ఆడగా బతికితే సంతానం ఎక్కువ. అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు మైకేల్ గిసెలిన్ 1969లో ఈ వివరణ ఇచ్చాడు. పగడపు దిబ్బల్లోని క్లీనర్ రాస్ చేపల్లో ఇదే సూత్రం తలకిందులుగా పనిచేస్తుంది. అక్కడ ఒక పెద్ద మగచేప తన ఆడచేపల గుంపును కాచుకుంటుంది. అది చనిపోతే గుంపులోని అతి పెద్ద ఆడచేప మగగా మారుతుంది. పరిమాణం వల్ల లాభం ఎటు ఉంటే మార్పు అటే.

పెద్ద తల్లి చేప విలువ మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. శాస్త్రవేత్త డియేగో బర్నెచే బృందం 342 జాతుల సముద్ర చేపల సమాచారాన్ని పరిశీలించి 2018లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. 30 కిలోల అట్లాంటిక్ కాడ్ చేప ఒక్కటి పెట్టే గుడ్లు, 2 కిలోల కాడ్ చేపలు 28 కలిసి పెట్టే గుడ్లకన్నా ఎక్కువ. ఆ 28 చేపల మొత్తం బరువు 56 కిలోలు! అంటే బరువు పెరిగినదానికన్నా వేగంగా గుడ్లు పెరుగుతాయి.

వేటలో ముందు పోయేవి మాత్రం ఈ పెద్ద చేపలే. ఆ నష్టం సంఖ్యతో ఆగదు. అమెరికాలో డేవిడ్ కానోవర్, స్టీఫన్ మంచ్ అనే శాస్త్రవేత్తలు సిల్వర్‌సైడ్ అనే చిన్న చేపల మీద ప్రయోగం చేశారు. కొన్ని గుంపుల్లో తరతరానికీ పెద్దవైన 90 శాతాన్ని, మరికొన్నింటిలో చిన్నవైన 90 శాతాన్ని తీసేశారు. నాలుగు తరాలు తిరిగేసరికి, చిన్నవి తీసేసిన గుంపుల్లో పట్టిన చేపల సగటు బరువు, పెద్దవి తీసేసిన గుంపుల్లోని వాటికి దాదాపు రెట్టింపైంది. 2002లో వెలువడిన ఈ ఫలితం, నెమ్మదిగా పెరిగే గుణాన్ని వేటే ఎంచి పెంచగలదని చూపింది. కెనడా తూర్పు తీరంలో కాడ్ నిల్వలు కూలిపోయి 1992లో వేట ఆపేయాల్సి వచ్చింది. అంతకుముందు ఏళ్లలోనే అక్కడి కాడ్ చేపలు చిన్న ఒంటితో, చిన్న వయసులో ఈడుకురావడం మొదలుపెట్టాయి.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. అది గుడ్లు పెట్టే కాలానికి రక్షణ. చేప పిల్లల్ని పట్టకూడదనీ అందరికీ తెలుసు. పండుగప్పకు ఈ రెండూ చాలవు. చిన్నవాటిని మాత్రమే వదిలితే దక్కేవి ఎక్కువగా మగచేపలే. తల్లులన్నీ పట్టదగ్గ సైజులోనే ఉంటాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఇది గ్రహించింది. అక్కడ 58 సెంటీమీటర్లకన్నా చిన్న పండుగప్పనే కాదు, 120 సెంటీమీటర్లు దాటినదాన్ని కూడా వదిలేయాలి.

పెద్ద చేప పడితే మత్స్యకారుడి ఇంట నాలుగు డబ్బులు ఎక్కువ చేరతాయి. దాన్ని వదిలెయ్యమనడం తేలిక కాదు, ఆ భారమంతా ఆయన మీదే వేయడం న్యాయమూ కాదు. నష్టపరిహారం చూడాల్సింది ప్రభుత్వం. కొనేవాళ్ల బాధ్యతా తక్కువేం కాదు. చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ 1997లోనే పండుగప్ప చేత హేచరీలో గుడ్లు పెట్టించింది. ఇప్పుడు చెరువుల్లో పెంచిన కిలో, రెండు కిలోల పండుగప్పలు బజారులో దొరుకుతున్నాయి. వాటిని కొంటే సరిపోతుంది. సముద్రంలోని పెద్ద పండుగప్ప తల్లి కావడానికి ఎన్నో ఏళ్లు పట్టింది, దాని స్థానంలోకి మరో తల్లి రావాలన్నా అన్నేళ్లూ పడుతుంది.