అప్పుడు నీమో... ఇప్పుడు మార్లిన్!

కార్టూన్ సినిమా అనగానే అది పిల్లల వ్యవహారం అనుకుంటాం. వాళ్లను టీవీ ముందు కూర్చోబెట్టి, ఆ గంటన్నరలో బట్టలు మడతపెట్టుకోవచ్చనీ, రేపటికి కూరలు తరిగి పెట్టుకోవచ్చనీ లెక్కలేసుకుంటాం. ఈసారి ఆ పనులు కాస్త పక్కనపెట్టి మీరూ వాళ్ల పక్కన కూర్చోండి. అందులోనూ అది మీరు చిన్నప్పుడు చూసిన సినిమానే అయితే... కథ అదే, బొమ్మలూ అవే. చూసే కళ్లు మాత్రం అప్పటివి కావు!

'ఫైండింగ్ నీమో' సరిగ్గా అలాంటి సినిమా. అమెరికాలోని పిక్సార్ సంస్థ తీసిన ఈ చిత్రం 2003లో విడుదలైంది. మరుసటి ఏడాది ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ కూడా అందుకుంది. అప్పట్లో ఏడెనిమిదేళ్ల వయసులో దాన్ని చూసిన అమ్మాయిలు ఇప్పుడు ముప్ఫై ఏళ్లవాళ్లు. వాళ్లలో ఎందరో తల్లులు కూడా. పిల్లల కోసమని ఆ సినిమా మళ్లీ పెడితే, మొదటి అయిదు నిమిషాల్లోనే గొంతుకు ఏదో అడ్డం పడుతుంది.

ఒక్కటే గుడ్డు మిగిలింది

ఆస్ట్రేలియా తీరంలోని పగడపు దిబ్బల్లో మార్లిన్, కోరల్ అనే చేపల జంట కొత్త కాపురం పెడుతుంది. నాలుగొందల పైచిలుకు గుడ్లు. పుట్టబోయే పిల్లల పేర్ల గురించి మురిపెంగా మాట్లాడుకుంటూ ఉండగానే ఓ పెద్ద చేప వచ్చి మీద పడుతుంది. మార్లిన్‌కు స్పృహ వచ్చేసరికి భార్యా లేదు, గుడ్లూ లేవు. చిన్న పగులుతో ఒక్క గుడ్డు మాత్రం మిగిలి ఉంటుంది. నీకేమీ కానివ్వనని దానికి మాటిస్తాడు. ఆ గుడ్డే నీమో.

చిన్నప్పుడు ఈ ఘట్టం మనకు పట్టిందా? తాబేళ్లు, సొరచేపలు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూశాం. నీమో ఎప్పుడు తప్పించుకుంటాడా అన్నదే మన ధ్యాస. ప్రతిదానికీ వద్దు, ఆగు, చూసుకో అనే మార్లిన్ మనకో చాదస్తపు నాన్న. ఇప్పుడు చూస్తే ఆ చాదస్తం వెనక ఏముందో తెలుస్తుంది. నీమోకు ఒకవైపు ఈత రెక్క పుట్టుకతోనే చిన్నది. అలాంటి ఒక్కగానొక్క బిడ్డను బడికి పంపడానికి ఆ తండ్రికి కాళ్లూ చేతులూ ఆడవు. ఇంకో అయిదారేళ్లు ఆగి వెళ్తావా అని కూడా అడుగుతాడు. నవ్వొస్తుంది... కానీ మొదటిరోజు బిడ్డను బడిలో దింపి, గేటు దగ్గరే నిలబడిపోయిన తల్లికి ఆ నవ్వు పూర్తిగా రాదు.

గాయపరిచిన మాట

కథ మలుపు తిరిగేది మాత్రం సొరచేప వల్ల కాదు, ఒక్క మాట వల్ల. స్నేహితులందరి ముందూ మార్లిన్ కొడుకుతో, నువ్వు చేయగలననుకుంటావు గానీ నీవల్ల కాదు అనేస్తాడు. అవమానంతో నీమో సముద్రం లోపలికి ఈదుకుంటూ వెళ్లి, అక్కడ నిలిచి ఉన్న పడవను తాకి వస్తాడు. తిరిగి వస్తుండగా ఓ గజ ఈతగాడి వలకు చిక్కి, సిడ్నీలో ఒక పళ్ల డాక్టరు గదిలోని గాజుతొట్టె చేరతాడు.

ఇక్కడే పెద్దవాళ్లు గమనించాల్సిన విషయం ఉంది. మార్లిన్ భయం అబద్ధం కాదు. సముద్రంలో ప్రమాదం ఉంది, అతడు కళ్లారా చూశాడు. బయట జాగ్రత్త అని చెప్పడం వేరు, నీకు చేతకాదు అని చెప్పడం వేరు. మొదటిది లోకం గురించి, రెండోది బిడ్డ గురించి. మన ఇళ్లలో ఈ రెండూ ఎంత సులువుగా కలిసిపోతాయో చూడండి. "బస్సు దిగగానే ఫోను చెయ్యమ్మా" అంటే అమ్మాయికి కోపం రాదు. "హాస్టల్లో ఒక్కదానివీ నువ్వేం ఉండగలవే?" అంటేనే ముఖం చిన్నబుచ్చుకుంటుంది.

గాజుతొట్టెలో గిల్ అనే మరో చేప ఉంటుంది. దానికీ ఒక రెక్క దెబ్బతిని ఉంటుంది. నీమో ఓ గొట్టంలో ఇరుక్కుని, రక్షించమని కేకలేస్తే ఎవరూ సాయానికి వెళ్లొద్దంటుంది గిల్. ఎలా తిరగాలో, తోకను ఎలా ఆడించాలో చెబుతూ పక్కనే ఉంటుంది. నీమో తనంతట తానే బయటికొస్తాడు. చిన్నప్పుడు గిల్ కఠినాత్ముడిగా కనిపించి ఉండొచ్చు. ఇప్పుడు చూస్తే అదీ ఓ రకం ప్రేమేనని తెలుస్తుంది.

పట్టు వదిలిన తండ్రి

కొడుకు కోసం సముద్రమంతా గాలించే మార్లిన్‌కు డోరీ అనే మతిమరుపు చేప తోడవుతుంది. ఇద్దరూ ఓ తిమింగలం నోట్లో చిక్కుకుంటారు. పట్టు వదిలెయ్ అంటుంది డోరీ. ఏమీ కాదని నీకెలా తెలుసంటాడు మార్లిన్. తెలియదంటుంది డోరీ! ఆ తెలియకపోవడంతోనే అతడు పట్టు వదులుతాడు. పిల్లల్ని పెంచడమంటే ఇంతకన్నా ఏముంది చెప్పండి?

చివర్లో డోరీ చేపలు పట్టేవాళ్ల వలలో పడితే, తాను వలలోకి వెళ్లి అందర్నీ ఒక్కసారిగా కిందికి ఈదమని చెబుతానంటాడు నీమో. మళ్లీ పోగొట్టుకోలేనంటాడు తండ్రి. క్షణం తర్వాత, నీవల్ల అవుతుందని తానే పంపుతాడు. మార్లిన్ భయం పోలేదు, మాట మారింది. అంతే.

ఈ కథకు మూలం దర్శకుడు ఆండ్రూ స్టాంటన్ సొంత అనుభవమే. పని ఒత్తిడిలో కొడుకుతో గడపలేకపోతున్నానని అయిదేళ్ల బాబును పార్కుకు తీసుకెళ్లి, దారిపొడవునా అది ముట్టుకోకు, ఇక్కడ పడతావు అంటూనే ఉన్నాడట. దొరికిన కాస్త సమయం కూడా భయమే మింగేసిందని అప్పుడు తెలిసొచ్చిందట.

మరో ముచ్చట. నిజం సముద్రంలోనూ ఈ జాతి చేపల్లో గుడ్లకు కాపలా కాసేది ఎక్కువగా మగచేపే. రెక్కలతో విసురుతూ వాటికి తాజా నీరు అందేలా చూస్తుంది. గుంపులోని ఆడచేప చనిపోతే పెద్ద మగచేప ఆడచేపగా మారిపోతుంది కూడా! తల్లి మనసు తల్లికే సొంతమనే మన మాటకు సముద్రం ఒప్పుకోదన్నమాట.

ఈ సెలవుల్లో మీ చిన్నప్పటి సినిమా ఒకటి పిల్లలతో కలిసి చూడండి. అయ్యాక నీతి చెప్పకండి. నీకు ఎవరు నచ్చారని మాత్రం అడగండి. మీకు నచ్చినవాళ్లూ, వాళ్లకు నచ్చినవాళ్లూ ఒకరు కాకపోతే... అక్కణ్నుంచి కబుర్లు వాటంతటవే మొదలవుతాయి.