మీ వీధిలో స్పీడ్ బ్రేకర్ ఎలా ఉంది?

మా క్యాజువాలిటీకి వచ్చే రోడ్డు ప్రమాద కేసుల్లో అందరినీ ఏ లారీయో గుద్దలేదు. కొందరు స్పీడ్ బ్రేకర్ మీద పడ్డవారు. రాత్రివేళ భర్త స్కూటర్ నడుపుతుంటాడు. వెనుక ఒక పక్కకు కూర్చున్న భార్య, ఒళ్లో పసిబిడ్డ. బండి ఒక్కసారి ఎగరగానే ఆమె వెనక్కి పడుతుంది, తలకు దెబ్బ. ఎలా పడ్డారమ్మా అని అడిగితే "ఆ గుట్ట కనిపించలేదండీ" అంటారు.

ఆ గుట్ట కట్టినవారిని మేము తప్పుపట్టము. వీధిలో ఎవరి బిడ్డనో ఆటో గుద్దితే, మర్నాటికల్లా వీధివాళ్లే చందాలు వేసుకుని సిమెంటుతో కట్టేస్తారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వేగం తగ్గించవలసిందే. వేగం రెట్టింపయితే దెబ్బ బలం నాలుగు రెట్లవుతుంది. డ్రైవరుకు బ్రేకు తొక్కడానికి ఒక్క సెకను పట్టిందనుకోండి. ఆ సెకనులో 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సుమారు 8 మీటర్లు, 50తో వచ్చేది సుమారు 14 మీటర్లు ముందుకు వచ్చేస్తుంది.

అయితే దీనికి కొలత ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే చెప్పింది. గుండ్రటి హంప్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అంటే రెండు మంచాల పొడవన్నమాట! దాని మీద నలుపు తెలుపు చారలు, 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి. 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒళ్లు కుదపదు. మన వీధుల్లోవి అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు. తొడ ఎముక విరిగిన మనిషిని అంబులెన్సులో వాటి మీదుగా ఎంత మెల్లగా తెచ్చినా ఆ కేక మా డ్రైవరు మరచిపోలేడు.

హంప్ ఒక్కటే మార్గం కూడా కాదు. తిన్నగా, వెడల్పుగా ఉన్న రోడ్డు చూస్తే ఎవరికైనా యాక్సిలరేటర్ తిప్పాలనిపిస్తుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో 1960ల చివర్లో ఇళ్ల మధ్య వీధుల్లో చెట్లూ బెంచీలూ పెట్టి, దారిని వంకరగా మలచి బండ్లను నెమ్మదింపజేశారు. మనకు అంత చోటు లేదు. బడుల దగ్గర, ఆసుపత్రుల దగ్గర మాత్రం జీబ్రా క్రాసింగ్‌నే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి కట్టడం మేలని మా అభిప్రాయం. బండి నెమ్మదిస్తుంది, చక్రాల కుర్చీ దిగనక్కరలేదు. పెద్ద రోడ్డయితే మధ్యలో ముసలివాళ్లు కాసేపు ఆగడానికి ఒక దిమ్మె కావాలి.

మీ వీధికి కావాలంటే మున్సిపాలిటీకీ, ట్రాఫిక్ పోలీసులకూ అర్జీ ఇవ్వండి, పై కొలతలు అందులో రాయండి. మీరే కట్టకండి.

మా గేటు ముందున్న దాన్ని సరిచేయమని మేమూ అర్జీ పెట్టాము. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా మా వాచ్‌మన్ దానికి సున్నం పూస్తున్నాడు. వానకు పోతే మళ్లీ పూస్తున్నాడు.