తుపాకి మీది చుక్క

సినిమాల పుణ్యమా అని మనకొక అపోహ స్థిరపడిపోయింది. హీరో పిస్టల్ ఎత్తగానే విలన్ చొక్కా మీద ఎర్ర చుక్క పడుతుంది, వాడు కిందికి చూసుకుని బిత్తరపోతాడు. అది లేజరు. ఇప్పుడు పిస్టళ్ళ మీద బిగిస్తున్న రెడ్ డాట్ సైట్ జాతి వేరు. గురిపెట్టినవాడికి చుక్క నిగనిగలాడుతూ కనబడుతుంది, ఎదుట నిలబడ్డవాడి ఒంటి మీద మాత్రం ఏమీ ఉండదు. ఎందుకంటే ఆ వెలుగు లక్ష్యం దాకా పోదు. బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దదైన గాజుబిళ్ళకు తగిలి వెనక్కి, మన కంట్లోకి వస్తుంది. అయినా లక్ష్యం మీద అతికించినట్టే ఉంటుంది. ఈ కనికట్టు గుట్టు తెలియాలంటే తుపాకుల కొట్టు వదిలిపెట్టి టెలిస్కోపుల కార్ఖానాకు వెళ్ళాలి.

ముందు పాత పద్ధతిలోని చిక్కు చూద్దాం. కాలేజీలో ఎన్‌సీసీ చేసి పాయింట్ టూటూ రైఫిల్ పట్టినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. బ్యాక్ సైట్ గాడి నడుమ ఫోర్ సైట్ మొన, ఆ మొన మీద టార్గెట్, మూడూ ఒక వరసలోకి రావాలి. చెప్పడం తేలికే. కంటిలోని కటకం ఒక సమయంలో ఒక్క దూరానికే కుదురుకుంటుంది. పిస్టల్ గాడి మూరెడు దూరంలో, మొన ఇంకో జానెడు అవతల, టార్గెట్ ఎక్కడో పాతిక మీటర్లలో. మొన మీద చూపు నిలిపితే టార్గెట్ అలుక్కుపోతుంది, టార్గెట్ చూస్తే మొన మసకబారుతుంది. మొననే చూడు, టార్గెట్ మసకగా ఉన్నా ఫరవాలేదు అని నేర్పేవాళ్ళు పోరుతూ ఉంటారు. నలభై దాటి చత్వారం వచ్చాక ఆ మొన కూడా దక్కదు.

ఈ చిక్కు విప్పినవాడు ఐర్లండ్ దేశపు డబ్లిన్ నగరవాసి సర్ హోవర్డ్ గ్రబ్ (1844-1931). తండ్రి థామస్ గ్రబ్ నాటి నుంచీ వాళ్ళది టెలిస్కోపుల వ్యాపారం. ఈ పేరు తెలుగువాళ్ళకు మరీ పరాయిది కాదు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాలలోని 15 అంగుళాల టెలిస్కోపు గ్రబ్ కార్ఖానాలో తయారైందే. 1922లో దాన్ని బేగంపేటలో నిలబెట్టారు. తర్వాతి కాలంలో భారత ఖగోళశాస్త్రానికి పెద్దదిక్కయిన వేణు బప్పు చుక్కల్ని చూడటం నేర్చుకున్నది ఆ వేధశాలలోనే, తండ్రి అక్కడ ఉద్యోగి. ఇక కోయంబత్తూరు, మదురై తెలుగువాళ్ళకు గ్రబ్ ఇంకా దగ్గరవాడు. పుణెలో ఉన్న వేధశాల కోసం ఆయన చేసిన 20 అంగుళాల దర్పణ టెలిస్కోపు 1912లో మన కొడైకెనాల్ కొండెక్కింది. ఎండాకాలం పిల్లల్ని తీసుకుని కొడైకి వెళ్ళి పడవ షికారు చేసొచ్చే వాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

నక్షత్రం ఎంతో దూరాన ఉంటుంది కనుక దాని కిరణాలు మన దగ్గరికి వచ్చేసరికి ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. టెలిస్కోపు కటకం వాటిని ఒక్క బిందువు దగ్గర చేరుస్తుంది. ఆ బిందువే నాభి. దీన్ని తిరగేయండి. నాభి దగ్గర చిన్న దీపం పెడితే కటకం లోంచి సమాంతర కిరణాలు బయటికొస్తాయి, చూసేవాడికి ఆ దీపం అనంత దూరంలో ఉన్న చుక్కలా అనిపిస్తుంది. వేధశాలల్లో పరికరాలు సరిచూసుకోవడానికి ఈ ఉత్తుత్తి నక్షత్రాన్ని ఎప్పటినుంచో వాడేవారు. గ్రబ్ చేసిందల్లా దాన్ని తుపాకి మీదికి ఎక్కించడం. దీపం ముందు వంపు తిరిగిన గాజుపలక పెట్టాడు. పలక దీపపు వెలుగులో కొంత వెనక్కి కొడుతుంది, ఎదుటి దృశ్యాన్ని తన లోంచి రానిస్తుంది. కన్నుకు రెండూ ఒకేసారి, ఒకే దూరంలో ఉన్నట్టు అందుతాయి. చూపు మార్చుకునే పనే లేదు.

1900లో ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు, మరుసటి ఏడు రాయల్ డబ్లిన్ సొసైటీ ప్రచురణల్లో వ్యాసం రాశాడు. అందులో ఒక ముచ్చట ఉంది. తుపాకి నుంచి సన్నని వెలుగు కిరణాన్ని ముందుకు పంపి, అది ఎక్కడ పడితే గుండు అక్కడే తగిలేలా చేసే ఏర్పాటును ఊహించుకోవచ్చు గానీ ఆచరణలో కుదిరేది కాదని అంటాడు. లేజరు పుట్టడానికి అరవై ఏళ్ళ ముందు మాట ఇది! అదే ఫలితాన్ని వెలుగును బయటికి పంపకుండానే, ఉత్త ప్రతిబింబంతో సాధించవచ్చని ఆయన వాదన.

సమాంతర కిరణాల వల్ల ఇంకో లాభం ఉంది. తల కాస్త పక్కకు జరిపినా చుక్క లక్ష్యాన్ని వదలదు. రైలు కిటికీ లోంచి చూస్తే చందమామ మనతోపాటే వస్తున్నట్టుంటుందే, అదే సూత్రం. చుక్క గాజు నడుమ ఉన్నా, ఓ మూలకు పోయినా గురి గురే.

ఇంత మంచి ఊహ డెబ్బై ఏళ్ళ పైన సైనికుడి చేతి తుపాకికి పెద్దగా ఎక్కలేదంటే కారణం దీపమే. పగటి వెలుతురులో కనబడేంత బల్బుకు పెద్ద బ్యాటరీ కావాలి. కరెంటుకు కొదవలేని విమానాలు మాత్రం దాన్ని ముందే అందుకున్నాయి. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో, 1918లో, బెర్లిన్‌లోని ఒయిగీ సంస్థ చేసిన ఇలాంటి సైట్లను జర్మన్ యుద్ధవిమానాల మీద వాడి చూశారు. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్, హరికేన్ పైలట్ల కళ్ళెదుట ఉన్నది బార్ అండ్ స్ట్రౌడ్ వాళ్ళ గురి అద్దం. బల్బు మాడిపోతే మార్చుకోవడానికి కాక్‌పిట్‌లోనే అదనపు బల్బులు ఉంచేవారు.

ఆ అద్దమే పెరిగి పెద్దదై, గురితోపాటు వేగం, ఎత్తు కూడా చూపించే హెడ్ అప్ డిస్‌ప్లే అయింది. కోయంబత్తూరు దగ్గరున్న మా అన్నూరుకు దక్షిణాన సూలూరు వైమానిక స్థావరం ఉంది. తేజస్ విమానాల తొలి స్క్వాడ్రన్, 45వ నంబరుది, 2018లో అక్కడికి వచ్చింది. రెండోది, 18వ నంబరుది, 2020 మే 27న అక్కడే మొదలైంది. తేజస్ పైలట్ ముందుండే ఆ గాజుపలకను చండీగఢ్‌లోని కేంద్ర శాస్త్రీయ పరికరాల సంస్థ రూపొందించింది. పత్తి చేల మీదుగా విమానం చప్పుడు వినబడితే పిల్లలు తలెత్తి చూస్తారు. దాని లోపల డబ్లిన్ పెద్దాయన చుక్కకు మునిమనవడు ఉన్నాడని వాళ్ళకు ఎవరూ చెప్పరు.

చేతి తుపాకికి దారి తెరిచింది ఎల్ఈడీ. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ కంటికి కనబడే వెలుగునిచ్చే తొలి ఎల్ఈడీ చేశాడు. అది ఎర్రది. 1975లో స్వీడన్‌లోని మాల్మో పట్టణపు ఎయిమ్‌పాయింట్ సంస్థ ఆ ఎర్ర గింజను గొట్టంలో పెట్టి అమ్మకానికి తెచ్చింది. చుక్క ఎర్రగా ఉండటం ఒక్క ఆనవాయితీ వల్లే కాదు. గాజు మీద వేసే పలుచని పూత ఎరుపులోని ఒక సన్నని పట్టీనే వెనక్కి కొట్టి, తక్కిన రంగులన్నిటినీ పోనిస్తుంది. అందుకే కొత్తగా చూసేవాళ్ళకు లోకం కొంచెం నీలంగా కనబడుతుంది. కాస్త ఎరుపును పూత తినేస్తుంది మరి. అద్దం నాసిరకం అనుకుని కంగారుపడనక్కర్లేదు. అయితే మరీ నీలంగా ఉంటే అనుమానించాల్సిందే.

నడుముకు పెట్టుకునే పిస్టల్ మీదికి రావడానికి ఇంకో పాతికేళ్ళ పైనే పట్టింది. 1990 ప్రాంతాల్లో అమెరికా పోటీ షూటర్లు గొట్టంలాంటి సైట్లను పిస్టల్ చట్రానికి బిగించి పతకాలు కొట్టారు గానీ, ఆ ఆకారాన్ని నడుముకు పెట్టుకుని తిరగలేం. పిస్టల్ పైభాగాన్ని స్లైడ్ అంటారు. గుండు పేలగానే అది కొన్ని మిల్లీసెకన్లలో వెనక్కి దూసుకుపోయి, ఠక్కున ఆగి, మళ్ళీ ముందుకొస్తుంది. సైట్‌ను దాని మీదే కూర్చోబెట్టాలి. ప్రతి గుండుకూ సుత్తి దెబ్బ తిన్నట్టే లెక్క. సోల్డరు అతుకులు ఊడతాయి, బ్యాటరీ స్ప్రింగు ఒక్క క్షణం ఎడమై చుక్క ఆరి వెలుగుతుంది. 2009లో వచ్చిన ట్రిజికాన్ ఆర్‌ఎంఆర్ చాలావరకు దీన్ని తట్టుకుంది. దాని పైఅంచు మధ్యలో పల్లంగా, రెండు మూలల్లో ఎత్తుగా ఉంటుంది. కింద పడ్డా దెబ్బ మూలలు తింటాయి, గాజు దాకా రాదు. 2015లో గ్లాక్ సంస్థ సైట్ బిగించుకునేందుకు వీలుగా ముందే కోసిన స్లైడ్లతో పిస్టళ్ళు తెచ్చింది. 2017లో అమెరికా సైన్యం ఎంచుకున్న ఎం17 పిస్టల్‌కూ ఆ ఏర్పాటు ఉంది.

మన దేశంలో పిస్టల్ అంటే లైసెన్సు వ్యవహారం. మామూలు మనిషికి ఈ సైట్ ఎదురుపడేది ఎక్కువగా ఎయిర్ పిస్టల్ మీదే. ఈమధ్య ఒక మిత్రుడు కొత్తగా బిగించింది నా చేతికిచ్చాడు. బరువు తెలియనే తెలియదు. కంప్యూటర్ మదర్‌బోర్డులో, కారు తాళంచెవిలో ఉండే సీఆర్ 2032 బిళ్ళ బ్యాటరీయే దీనికీ. పిస్టల్ ఎత్తాను, చుక్క లేదు. మణికట్టు రవ్వంత వంచాను, పై నుంచి జారి వచ్చి నిలబడింది. తల కదిలినా వదలని చుక్క తుపాకి ఒకటి రెండు డిగ్రీలు వాలితే మాయమైపోతుంది. కిరణాలన్నీ ఒకే దిక్కుగా వస్తున్నాయి మరి, ఆ దారిలో కన్ను లేకపోతే ఏమీ అందదు. దాని గొప్పా, తంటా రెండూ ఒకచోటు నుంచే పుట్టాయి. పాత సైట్లకు అలవాటుపడ్డ చేతికి కొన్నాళ్ళ సాధన తప్పదు. గాజులో చుక్క కోసం వెతకడం మాని, రెండు కళ్ళూ తెరిచి టార్గెట్‌నే చూస్తూ పిస్టల్‌ను చూపులోకి తెచ్చుకోవాలి.

రెండో సంగతి వణుకు. చుక్క పురుగులా కదులుతూనే ఉంటుంది. ఇది సైట్ లోపమనుకుని తిరిగి ఇచ్చేసేవాళ్ళున్నారు. చెయ్యి మొదటినుంచీ అలాగే వణుకుతోంది, మొనా గాడీ దాన్ని దాచిపెట్టాయి అంతే. వణుకు ఆగే క్షణం కోసం కాచుకుని ట్రిగ్గర్ లాగితే గుండు పక్కకు పోవడం ఖాయం. చుక్క పరిమాణం కూడా చూసుకోవాలి. దీన్ని కోణంలో కొలుస్తారు, డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం. మూడు నిమిషాల చుక్క 25 మీటర్ల దూరంలో దాదాపు 2.2 సెంటీమీటర్లను కప్పేస్తుంది, 10 మీటర్లలో 9 మిల్లీమీటర్లను. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లే కనుక అంతకన్నా పెద్ద చుక్క అక్కడ పనికిరాదు. లోపాలూ ఉన్నాయి. ఎల్ఈడీ గింజ బయటికి తెరిచి ఉండే రకంలో ఒక్క చెమట బొట్టో, స్పిన్నింగ్ మిల్లుల ఊళ్ళలో గాలిలో తేలే నూగో దాని మీద వాలితే చుక్క చెదిరిపోతుంది. వెనక కూడా గాజు మూసిన రకం మన వాతావరణానికి మేలు.

కెమెరాకు దూరం సరిచేసే పరికరం దాకా సొంతంగా చేసుకున్న జి.డి. నాయుడు పుట్టిన కలంగల్ సూలూరు పక్కనే. అలాంటి చోట ఇదెందుకు తయారుకాదని ఎవరైనా అడుగుతారు. అల్యూమినియం దిమ్మెను తొలిచి ఈ పెట్టె చేయడం కోయంబత్తూరు వర్క్‌షాపులకు లెక్కలోది కాదు. కష్టమంతా గాజు వంపులోనూ, పూతలోనూ ఉంది. ఆ విద్య తెలుగునాట బందరులో ఉంది. 1926లో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ కలుపుకుంది, ఆ యూనిట్ సైన్యానికి రాత్రిపూట చూపునిచ్చే పరికరాలు చేస్తోంది. బందరు గాజూ కోయంబత్తూరు లోహమూ కలిస్తే దిగుమతి అవసరం చాలా తగ్గుతుందని నా నమ్మకం.

కొనబోయేవాళ్ళకు ఒక మాట. మీ పిల్లలు హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్‌ను చూసి ఒలింపిక్ పిస్టల్ పోటీల మీద మనసుపడి ఉంటే ఈ సైట్ కొనకండి. ఆ పోటీల్లో గాడీ మొనలే తప్ప ఇలాంటి సైట్లకు అనుమతి లేదు. వయసు మళ్ళి మొన కనబడనివాళ్ళు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. ఒకవేళ గుండ్రంగా ఉండాల్సిన చుక్క తోక వచ్చినట్టో, ద్రాక్షగుత్తిలానో కనబడితే మొబైల్ కెమెరాను కంటి స్థానంలో పెట్టి ఫొటో తీయండి. ఫొటోలో గుండ్రంగా ఉంటే సైట్‌లో ఏ లోపమూ లేదు, మీ కంట్లో ఆస్టిగ్మాటిజం ఉండి ఉంటుంది. కొట్టువాడితో తగువు పెట్టుకునే ముందు కంటి డాక్టరుకు చూపించుకోండి.