నల్లగొండ గాలికి కొత్త బండ్లొక్కటే చాలవు

గాలి చెడిన పట్టణాలంటే ఢిల్లీ, కాన్పూర్ గుర్తొస్తాయి. కానీ 2019 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి చెడిన పట్టణాల జాబితాలో హైదరాబాద్, పటాన్‌చెరుల సరసన నల్లగొండ కూడా ఉంది. ఫ్యాక్టరీల పటాన్‌చెరు సంగతి అర్థమవుతుంది. నల్లగొండకెందుకీ గతి?

రోడ్ల దుమ్ముంది, క్వారీలున్నాయి, మిల్లులున్నాయి. తప్పంతా బండ్లదే అనడం సరికాదు. కానీ మిర్యాలగూడ బియ్యాన్నీ, మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటునూ మోసేది డీజిల్ లారీయే. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా విజయవాడ హైవే, పక్కన పాలమూరు వైపు షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా బెంగళూరు హైవే రాత్రీపగలూ నడుస్తూనే ఉంటాయి. ఆ రోడ్ల పక్కన చాయ్ అమ్మేవాళ్లు, పంక్చర్లు వేసేవాళ్లు, తట్టలు మోసే పాలమూరు కూలీలు ఆ పొగలోనే పొద్దు గడుపుతారు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చిచెప్పింది.

కొత్త బండ్ల పొగకు హద్దులు పెట్టే భారత్ స్టేజ్ (బీఎస్) ప్రమాణాల్లో 2010లో హైదరాబాద్ సహా 13 నగరాలకు బీఎస్-4 ఇచ్చి, మిగతా దేశానికి బీఎస్-3 చాలన్నారు. బీఎస్-4 దేశమంతటా తప్పనిసరి అయ్యేసరికి 2017 ఏప్రిల్ వచ్చింది. నగరం వాళ్లకో గాలి, మనకో గాలి అన్న ఆ లెక్క అన్యాయం. 2020 ఏప్రిల్ 1న బీఎస్-5ను దాటేసి ఒకేసారి బీఎస్-6కు వెళ్లారు. డీజిల్‌లో గంధకం 50 నుంచి 10 పీపీఎంకు తగ్గింది. డీజిల్ కారు వదిలే మసికి కిలోమీటరుకు 25 మిల్లీగ్రాములున్న హద్దు 4.5కు దిగింది. ఇంతకన్నా మంచి పని ఈ విషయంలో మన దేశంలో జరగలేదు.

అయితే అది కొత్త బండికే. పాత లారీ చేతులు మారుతూ చివరికి ఇసుకకో, వడ్లకో తిరుగుతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కితే పొగ ఎంత నల్లగా ఉందో తెలుస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్ల కొలత అందులో లేదు.

మరి దీన్ని ఎవరు సరిచేయాలి? అమెరికాలో కాలిఫోర్నియాకు సొంత ప్రమాణాలు పెట్టుకునే వీలు 1967లోనే దక్కింది. మన దగ్గర ప్రమాణాలు రాసేది కేంద్రమే. కానీ ఫిట్‌నెస్ పరీక్ష, పన్ను, పర్మిట్ రాష్ట్రం చేతిలో ఉన్నాయి. 2024 నవంబరులో తెలంగాణ ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 చివరి దాకా మాఫీ చేసింది. మంచిదే. మిల్లు ముందు ఆగిన పాత లారీకి మాత్రం అది జవాబు కాదు.

ఫైనాన్స్ మీద ఒక్క లారీ కొనుక్కుని బతికేవాళ్లను బెదిరించి లాభం లేదు. పాతది తుక్కుకిస్తే కొత్తదానికి పన్ను తగ్గించాలి, తక్కువ వడ్డీకి అప్పు ఇప్పించాలి. అప్పుడు ఫిట్‌నెస్ దగ్గర కచ్చితంగా ఉండే హక్కు సర్కారుకు వస్తుంది.

ఫ్లోరైడ్ నీళ్ల మీద దశాబ్దాలు పోరాడిన జిల్లా నల్లగొండ. ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ పైలాన్ 2015లో, అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న చౌటుప్పల్‌లో, విజయవాడ హైవే మీదే లేచింది. నీళ్ల కోసం అడిగినంత గట్టిగా గాలి కోసమూ అడగాలి. పొగ కక్కే లారీకి ఫిట్‌నెస్ ఇవ్వొద్దని మన రవాణా కార్యాలయాలనూ, ఎమ్మెల్యేలనూ ఈ యాసంగి వడ్లు రోడ్డెక్కేలోపే అడగండి.