మార్పుసందేశముల దిద్దుబాటు

కడపలో సి. పి. బ్రౌను పండితులచేత పలు వ్రాతప్రతులను పోల్పించి శుద్ధప్రతులను వ్రాయించెను. దిద్దిన పాఠమే నిలిచి మూలము నశించినచో, దిద్దుబాటు యుక్తమో కాదో పరీక్షించుట కాధార ముండదు.

2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించిన ‘గిట్’ అను ప్రతిరక్షణ సాధనమునకును ఈ న్యాయమే చెల్లును. అందు ప్రతి మార్పునకును కర్త పేరు, కాలము, కారణము దెలుపు సందేశము నుండును. ఆ సందేశము, తాళపత్రప్రతి తుదను వ్రాయసకాఁడు వ్రాయు వాక్యమువంటిది. వీనినన్నిటిని బట్టి గణించిన సంకేతమే ఆ మార్పునకు పేరు. అందు ముందరి మార్పు పేరును గణనకు వచ్చును. కావున సందేశమున నొక యక్షరము దిద్దినను దాని పేరును, తరువాతి మార్పుల పేళ్లన్నియును మాఱును. ఇతరులయొద్ద నున్న ప్రతులతో పొందిక చెడును.

తనయొద్దనే యున్న తుది సందేశమును ‘అమెండ్’ చే దిద్దవచ్చును. ఇతరుల కిచ్చిన దానికి ‘నోట్స్’ ఆజ్ఞచే వ్యాఖ్యను జతపఱచుట మేలు; మూలము చెడదు, దోషమును తెలియును. అయితే ఆ వ్యాఖ్యలు తమంత నితరులకు చేరవు, వేఱుగఁ బంపవలయును.