బొడ్డు చుట్టూ సూదులు పోయినా.. భయం పోలేదు!

హైదరాబాద్: కుక్క కరిచిందని చెబితే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారన్న భయం పల్లెల్లో నేటికీ తొలగలేదు. కాటును ఇంట్లో చెప్పకుండా దాచే పిల్లలు, పసరు మందుతో సరిపెట్టే పెద్దలు ఆ భయానికే బలవుతున్నారు. గొర్రె మెదడు కణజాలంతో తయారయ్యే ఆ పాత టీకా ఉత్పత్తిని దేశంలో 2004 డిసెంబరులోనే నిలిపివేశారు. ఇప్పుడు ఇచ్చే టీకా భుజానికే.

వ్యాధి లక్షణాలు బయటపడ్డాక మాత్రం చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. నీటిని చూస్తేనే గొంతు బిగుసుకుపోవడం, గాలి తగిలినా ఉలిక్కిపడటం మొదలైతే బతికి బయటపడిన వారు ప్రపంచం మొత్తంమీద వేళ్లపై లెక్కించదగినంత మందే. అలాంటి రోగులను జిల్లాల నుంచి నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి తీసుకువస్తుంటారు. బాధను తగ్గించడం తప్ప అక్కడి వైద్యులకూ మరో మార్గం ఉండదు.

తొలి పావుగంటే కీలకం

కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. కుక్క లాలాజలంలోని వైరస్‌ చాలావరకు అక్కడే నశిస్తుంది. ఖర్చులేని ఈ పనిని వదిలి కారం, సున్నం, కాఫీ పొడి అద్దడం మన ఇళ్లలో ఆనవాయితీ. అది గాయాన్ని రేపుతుందే తప్ప వైరస్‌ను ఆపదు. కట్టు కట్టడం, తొందరపడి కుట్లు వేయించడం కూడా తగదు.

మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కిస్తారు. చర్మం పొరలోకి ఇచ్చే విధానంలో 0, 3, 7, 28 రోజుల్లో రెండు భుజాలకూ 0.1 మిల్లీలీటరు చొప్పున ఇస్తారు. కండరానికి అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు మోతాదులు. గాయం మానిందని మధ్యలో మానేస్తే వేసినదీ వృథా కావచ్చు. వ్యాధి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల్లో బయటపడుతుంది. ఏడాది దాటాక వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

రక్తం వస్తే టీకా ఒక్కటే చాలదు

అందరూ మరిచేది ఇదే. టీకా ఒంట్లో రక్షణ కల్పించడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఈలోగా వైరస్‌ నరాల్లోకి చేరకుండా ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను గాయంలోనే, దాని చుట్టూ ఎక్కిస్తారు. తొలి టీకా వేసి ఏడు రోజులు దాటితే దీన్ని ఇవ్వరు. రక్తం చిందిన ప్రతి కాటుకూ ఇది అవసరమే. ముఖం, తల, చేతివేళ్లపై కరిస్తే క్షణం ఆలస్యం చేయరాదు. పిల్లలు పొట్టిగా ఉండటంతో కాటు తరచూ ముఖంపైనే పడుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ మందు లేదంటే టీకా వేయించుకుని, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లడం శ్రేయస్కరం.

కుక్కను పది రోజులు గమనించాలన్న మాటనూ పలువురు అపార్థం చేసుకుంటున్నారు. పది రోజులు చూశాక సూదికి వెళ్లమని దాని భావం కాదు. ముందు టీకా మొదలుపెట్టాలి; పది రోజుల తరవాతా కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగతా మోతాదుల సంగతి వైద్యుడు నిర్ణయిస్తారు. కరిచింది తెలిసినవారి పెంపుడు కుక్కే అయినా, చిన్న కూనే అయినా నియమం ఒకటే. పిల్లి, కోతి కాటుకూ ముందు టీకా మొదలుపెట్టాల్సిందే.

కుక్కల్లో కనీసం 70 శాతానికి ఏటా టీకా వేస్తే వ్యాధి వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని కేంద్రం 2021లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకాల బాధ్యతను 2023 నాటి నిబంధనలు స్థానిక సంస్థలపై ఉంచాయి. పట్టణాల్లోనే అంతంతమాత్రంగా సాగుతున్న ఈ పని పంచాయతీల దాకా చేరాల్సి ఉంది.